కుడిపక్క విమానం కనిపిస్తోందా?

మన సినిమాల్లో హీరో ఫారిన్ నుంచి వచ్చాడంటే ఒకప్పుడు బేగంపేటలోనే దిగాలి! విమానం మెట్ల మీద నిలబడి నల్లకళ్ళద్దాలు సవరించుకోవాలి, కింద హీరోయిన్ తండ్రి పూలదండతో ఎదురుచూడాలి. మాకు మాత్రం ఆ సీను టిక్కెట్టు లేకుండానే రోజూ దొరికేది. సికింద్రాబాద్ వెస్ట్ మారేడుపల్లిలో మా మేడ మీద, పడమటి ముఖంగా దిగే విమానాల చక్రాలు కూడా కనిపించేవి. అమ్మ ఏదైనా చెబుతూ మాట మధ్యలో ఆపి, మోత తగ్గాక మిగతా సగం పూర్తిచేసేది.

స్కూలు రోజుల్లో సంగీత్ థియేటర్లో ‘ఎయిర్‌పోర్ట్’ చూశాను. రన్‌వే మీద మంచులో కూరుకుపోయిన విమానాన్ని జార్జి కెన్నెడీ ఇంజన్లు రొదపెట్టించి బయటికి లాగుతుంటే, నేను సీటు అంచుకి వచ్చేశాను. ఇంటర్వెల్లో సమోసా కూడా తినలేదంటే నమ్మండి! ఆ రాత్రే నిర్ణయించేసుకున్నాను, పైలట్‌నే అవుతానని.

1978లో మెడికల్ పరీక్షకి వెళ్ళాను. డాక్టరుగారు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, “ఇందులో అంకె ఎంత?” అన్నారు. “ఇరవై ఒకటి” అన్నాను ధీమాగా. ఆయన పుస్తకం మూసేశారు. అక్కడ ఉన్నది డెబ్భై నాలుగుట! ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియనివాళ్ళకే అది ఇరవై ఒకటిలా కనిపిస్తుందిట.

నాన్నగారు రైల్వేలో గార్డు. ఎర్రజెండా, పచ్చజెండాలతో మమ్మల్ని పెంచిన మనిషి. ఆయనకి ఈ సంగతి ఎలా చెప్పను? “ఫీజు మనవల్ల కాదు నాన్నా, వద్దులెండి” అన్నాను. పాపం, తన పేదరికం వల్లే కొడుకు పైలట్ కాలేదనుకుంటూనే పోయారు. తరవాత మా ఆవిడకీ, అమ్మాయికీ కూడా అదే అబద్ధం.

బేగంపేట విమానాలు 2008 మార్చిలో షంషాబాద్ తరలిపోయాయి. సంగీత్ కూడా ఇప్పుడు లేదు. 2018లో అమ్మాయి రమ్మంటే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాను.

దిగబోతుంటే కిటికీలోంచి చూసి గుండె ఆగినంత పనైంది. కుడిపక్క మాతో సమానంగా ఇంకో విమానం! దాని కిటికీలు లెక్కపెట్టొచ్చు. పక్కసీటావిడ దేవుణ్ణి తలుచుకుంటోంది. నాకు మాత్రం భయం ఒక్క నిమిషమే. ఏళ్ళ తరబడి చదివింది కళ్ళముందు జరుగుతోంది మరి! అక్కడ 28ఎల్, 28ఆర్ అని పక్కపక్కనే రెండు రన్‌వేలు. మధ్యగీతల నడుమ దూరం 750 అడుగులే. అన్నట్టు, ఆ 28 అంటే దిక్సూచిలో 280 డిగ్రీలు. మన బేగంపేటది 27. అంటే మా మేడ మీద దిగినట్టే, ఇంచుమించు పడమటికే!

అప్పట్లో ఇలా జంటగా దిగడం కంటిచూపు మీద నడిచిన వ్యవహారం. కంట్రోలరు అడిగేవాడు, కుడిపక్క విమానం కనిపిస్తోందా అని. కనిపిస్తోందని పైలట్ అన్నాడా, ఇక దాని నుంచి ఎడంగా ఉండే బాధ్యత అతనిదే అయ్యేది. మబ్బు కమ్మిందంటే ఆ సౌకర్యం ఉండేది కాదు. గంటకి అరవై దాకా దిగే చోట ముప్ఫయ్యే దిగేవి. మిగతావి ఎక్కడో ఆలస్యంగా కూర్చోవలసి వచ్చేది.

రాత్రిపూట రంగుల సంగతి మరీ ముఖ్యం. రన్‌వే అంచుల్లో తెల్లదీపాలు, టాక్సీవే మధ్యన ఆకుపచ్చవి. 2017 జులై 7 రాత్రి అక్కడే 28ఎల్ మూసి దీపాలు ఆర్పేస్తే, ఎయిర్ కెనడా పైలట్లు 28ఆర్ అనుకుని పక్క టాక్సీవే మీదికి వచ్చేశారు. అక్కడ నాలుగు విమానాలు బయల్దేరడానికి వరసగా నిలబడి ఉన్నాయి! సుమారు 60 అడుగుల ఎత్తుదాకా దిగి, మళ్ళీ పైకి లేచారు. కళ్ళ పరీక్షలు నెగ్గిన పైలట్లే సుమండీ! ఇక నాలాంటివాడైతే?

మా మనవడికి అప్పుడు పన్నెండేళ్ళు. గదినిండా విమానం బొమ్మలే. వెళ్ళిన రెండోరోజే, “తాతయ్యా, నేను పైలట్ అవుతా” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఈ లోపం తండ్రి నుంచి కూతురి ద్వారా మనవడికి దిగుతుంది. అమ్మాయికి ఏమీ కనపడదు, కానీ ఆమె కొడుక్కి రావడానికి సగానికి సగం అవకాశం. నా అబద్ధం వెనక ఇది కూడా దాక్కుని ఉందని ఎవరికి తెలుసు?

ఓ సాయంత్రం నీటి ఒడ్డున కూర్చుని జంటవిమానాలు దిగుతుంటే చూస్తున్నాం. ఫోన్లో ఆ చుక్కలబొమ్మ తీసి వాడి చేతికిచ్చాను. నా చెయ్యి వణికింది.

“ఇందులో ఎంత ఉందిరా?”

“సెవెంటీ ఫోర్.”

“సరిగ్గా చూడు.”

“సెవెంటీ ఫోరే, తాతయ్యా! ఏం, నీకెంత కనిపిస్తోంది?”

అమ్మాయి వెనకాలే నిలబడి ఉంది. నలభై ఏళ్ళ తరవాత మొదటిసారి నిజం చెప్పాను.

“ఇరవై ఒకటిరా.”