పొద్దుటి గోలీ

"మందు వద్దంటున్నాడు."

నర్సింగ్ నోట్సులో అంతే ఉంది. బౌద్ధనగర్‌లో ఉండే ఒక సైకియాట్రిస్టు రౌండ్సులో అది చదివి, కుర్రాడి మంచం పక్కన కూర్చున్నాడు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న విద్యార్థి. ఉన్మాద దశలో ఉండగా హాస్టల్ స్నేహితులు తీసుకొచ్చి చేర్పించి మూడు వారాలైంది. ఇప్పుడు నిద్ర కుదిరింది, మాట నెమ్మదించింది.

"గోలీ వద్దనలే సార్. రక్తం తీసినంక ఏసుకుంట అన్న."

అతను చెప్పింది ముమ్మాటికీ సరైన మాట. అతను వేసుకునే మందు లిథియం. అది రక్తంలో ఎంతుందో చూడాలంటే చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు తీయాలి. పొద్దుటి మాత్ర పడ్డాక తీస్తే అంకె అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. మందుల ట్రాలీ ఏడింటికే వచ్చింది, ల్యాబ్ మనిషి ఎనిమిదిన్నరకు గానీ రాలేదు. ఆ వేళ వార్డులో ఈ సంగతి గుర్తున్నది పేషెంటుకే.

అయినా ఆ నోట్సు రాసిన సిస్టర్‌ని తప్పుపట్టడానికి డాక్టరుకు మనసొప్పలేదు. కొన్నేళ్ల కిందట పక్క బట్టలు మారుస్తుంటే ఒక పేషెంటు దిండు గలీబులోంచి పదకొండు మాత్రలు రాలాయి. రోజుకొకటి బుగ్గన దాచి పోగేసినవి. లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య మేలుచేసే లిథియం, 1.5 దాటితే విషమవుతుంది. అప్పటినుంచి ఆ సిస్టర్ అందరితోనూ ఒకటే మాట: "నోరు తెరువు, నాలుక లేపు."

"నా డ్యూటీల ఏమన్న అయితే ఎవర్ని అడుగుతరు సార్? నన్నే గద," అందామె.

ఆ ప్రశ్న డాక్టరును వదల్లేదు. పేషెంటు మీద అపనమ్మకం కన్నా, జరగరానిది జరిగితే తన పక్కన ఎవరూ నిలబడరన్న భయమే అందులో ఎక్కువ వినిపించింది. 'పేషెంటును నమ్మండి' అని సిస్టర్లకు చెప్పే డాక్టరు ముందు తన సంతకం పెట్టాలి.

నమ్మడం ఎందుకంటే, వార్డులో ఒక్క మాత్ర చేతికివ్వని వాళ్లే, డిశ్చార్జి రోజున నెల మందుల కవరు కుర్రాడి చేతిలో పెట్టి పంపుతారు. తార్నాక ఏప్రిల్ ఎండకు చెమటలు పట్టి ఒంట్లో నీరు తగ్గినా, నొప్పికని మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్ కొని మింగినా లిథియం పెరుగుతుంది. చేతుల వణుకు, విరేచనాలు, తూలే నడక: వీటిని గుర్తుపట్టాల్సింది హాస్టల్ గదిలో ఒక్కడే ఉండే ఆ మనిషి. పక్కన సిస్టర్ ఉండగా నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటాడు?

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఒకరి నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన వారికి నిర్ణయించుకునే సామర్థ్యం లేదనుకోకూడదని నాలుగో సెక్షన్లో చెప్పింది. తన మందు తానే వేసుకోవడాన్ని బ్రిటన్‌లో కొన్ని వార్డులు అంచెలంచెలుగా నేర్పుతాయి. ముందు నర్సు ఎదుట తానే తీసి వేసుకోవడం, ఆపైన ఒకరోజు మందు, ఆపైన కొన్ని రోజులది, తాళం వేసిన అరలో.

డాక్టరు కేస్ షీటులో ఒకరోజు మందు కుర్రాడికి ఇవ్వమని రాసి, బాధ్యత తనదని సంతకం చేశాడు. దిండు గలీబు నాటి పేషెంటు లాంటివారికి అలా రాయడు. ఆ తేడా తేల్చడం తన పనే.

వారం తర్వాత మందుల డబ్బా ఇస్తూ సిస్టరే అడిగింది: "తమ్మీ, రేపు రక్తం ఉన్నదా?"

"ఉన్నది సిస్టర్."

మర్నాటి నోట్సులో ఇలా ఉంది: "రక్తం తీశాక వేసుకున్నాడు."