అసలు సరుకు

"ఒరిజినల్" అన్న మాటకు మన మెకానిక్కు షెడ్లలో ఉన్నన్ని అర్థాలు ఏ నిఘంటువులోనూ దొరకవు. కారు తయారుచేసిన కంపెనీ పేరుతో, కంపెనీ పెట్టెలో వచ్చేది ఒరిజినల్. ఆ కంపెనీకి ఆ భాగాన్ని చేసి ఇచ్చే మరో సంస్థ తన సొంత పెట్టెలో పెట్టి అమ్మేదీ ఒరిజినలే. తుక్కుకు పోయిన బండినుంచి విప్పి తీసిన దానిని సైతం "బండిలోంచి తీసిందండి, ఒరిజినల్" అనే చేతిలో పెడతారు. ఈ మూడూ కానివన్నీ లోకల్, డూప్లికేట్, ఢిల్లీ మాల్. ఆ చివరి పేర్లన్నీ ఒకే వస్తువుకు పర్యాయపదాలనీ, మొదటివాటిలో కంపెనీ పెట్టెను మించినది లేదనీ మనలో అధిక సంఖ్యాకుల నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో తరచి చూడవలసిన అగత్యం ఈ మధ్య మా కుటుంబానికి కలిగింది.

సామర్లకోటలో మా మేనమామగారికి 1998 నాటి డీజిల్ అంబాసిడర్ ఒకటి ఉంది. పొలం మీద వచ్చిన ధాన్యం డబ్బుతో కొన్నది. దానిని అమ్మివేయమని పిల్లలు చెప్పి చెప్పి ఊరుకున్నారు. అమ్మకపోవడానికి కారణం కేవలం మమకారమే అయితే నేనూ వారి పక్షమే వహించేవాడిని. కాని మా అత్తయ్యకు మోకాళ్ళు వంగవు. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కాలంటే ముందు కూలబడాలి, ఆ తరువాత కాళ్ళు లోపలికి లాక్కోవాలి. అంబాసిడరులోనైతే పడక్కుర్చీలో కూర్చున్నంత సుఖంగా కూర్చుంటుంది. నెలకు రెండుమార్లు కాకినాడ ఆసుపత్రికి, పండుగలకు బిక్కవోలు దగ్గరనున్న కూతురింటికి ఆవిడ ప్రయాణం ఆ బండిలోనే. బిక్కవోలు దారి కాలవ గట్టు రోడ్డని ఆ ప్రాంతం ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఒక ప్రక్క నిండుగా పారే కాలవ, రెండవ ప్రక్క ఇళ్ళూ పొలాలూ, ఎదురుగా ధాన్యపు లారీలు.

అటువంటి బండికి బ్రేకు పెడలు దిగడం మొదలయింది. నొక్కగానే పట్టుకుంటుంది, కాలు అలాగే ఉంచితే మెల్లమెల్లగా నేల వైపు జారిపోతుంది. బయట ఎక్కడా చుక్క కారిన జాడ లేదు. మాస్టర్ సిలిండరు లోపలి రబ్బరు కప్పులు అరిగితే ఇట్లాగే జరుగుతుంది: పెడలు త్రొక్కినపుడు పుట్టిన ఒత్తిడి చక్రాలకు పోక, కప్పు అంచునుంచి వెనుకకు జారుకుంటుంది. షెడ్డులో మేస్త్రి విప్పి చూసి మూడు దారులు చెప్పాడు.

"మేష్టారండీ, కంపెనీ కిట్టు బెజవాడ ఆటోనగర్లో ఓ షాపులో పాత స్టాకు ఉందంటండి, రెండింతలు రేటు సెప్తున్నారు. బ్రేకుల కంపెనీవోళ్ళ పెట్టైతే రాజమండ్రిలో దొరుకుద్దండి. లోకల్దైతే పావొంతు రేటుకే ఇప్పుడే ఏసేస్తానండి."

మావయ్య క్షణం తడుముకోలేదు. "మొదటిదే తెప్పించవయ్యా. కన్నవాళ్ళ కన్నా పెంచినవాళ్ళు ఎక్కువా?" అన్నారు. ఆ తరువాత నా వైపు తిరిగి, "ఏరా అబ్బాయ్, ఏమంటావు?" అని అడిగారు. వెంటనే ఏమీ అనలేక రెండు రోజులు గడువు అడిగాను. ఆ రెండు రోజులలో తెలుసుకున్నవీ, ఆలోచించినవీ ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి ప్రశ్న: అంబాసిడరును కన్నవారెవరు? బి. ఎం. బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ అని మనకు తెలుసు. కాని ఆ బండి రూపం ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణిది. బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరినుంచి తయారవుతూ వచ్చి, 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును సైతం 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు పెజో సంస్థకు అమ్మివేశారు. అనగా కంపెనీ పెట్టెలోని సరుకు ఈనాడు ఏ దుకాణంలో కనిపించినా అది ఏనాటిదో అయి ఉండాలి. లేదా ఆ పెట్టె నిన్న అచ్చు వేసినదై ఉండాలి. మూడవ అవకాశం చాల తక్కువ.

రెండవ ప్రశ్న: కారు కంపెనీ బ్రేకులు తాను తయారు చేస్తుందా? సాధారణంగా చేయదు. ఇంజను, పైతొడుగు వంటివి తన వద్ద చేసుకుని, మిగిలినవి ఆయా పనులలో ఆరితేరిన సంస్థలనుంచి కొంటుంది. మన దేశంలో డైనమోలు, స్టార్టర్లు అంటే మద్రాసు పాడి ప్రాంతపు లూకాస్ టీవీఎస్. బ్రేకులు అంటే 1962లో పుట్టిన బ్రేక్స్ ఇండియా. డీజిల్ పంపులంటే బెంగుళూరు మైకో, అదే 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. ఇటువంటి సంస్థలు ఒకే కొలతలతో చేసిన భాగాన్ని కొంత కారు కంపెనీకి ఇస్తాయి, కొంత తమ పేరుతో బజారులో అమ్ముతాయి. పెట్టె మారుతుంది, ధర మారుతుంది; లోపలి వస్తువు చాలాసార్లు మారదు. మావయ్య సామెతనే తిరగవేసి చెప్పాలంటే, మనం పెంచినవారనుకుంటున్నవారే కొన్ని భాగాలకు కన్నవారు.

ఈ పెట్టెల వ్యవహారం మన దేశంలో పెద్ద తగవుకే దారితీసింది. కార్ల కంపెనీలు అసలు విడిభాగాలను తమ అధీకృత డీలర్లకు తప్ప బయటి మెకానిక్కులకు అందనీయడం లేదని 2011లో కాంపిటీషన్ కమిషన్ ముందుకు ఫిర్యాదు వెళ్ళింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలను తప్పుపట్టి, మొత్తం సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ పై అప్పీళ్ళు నడిచిన మాట వేరు. ఆ పదునాలుగింటిలో హిందుస్థాన్ మోటార్స్ ఒకటి. అంబాసిడర్ తయారీ ఆగిన సరిగ్గా మూడు నెలలకు ఆ తీర్పు వచ్చింది! ఊళ్ళోని మేస్త్రికి అసలు సరుకు అందుబాటులో లేకపోవడం వలననే కదా లోకల్ సరుకు ఇంతగా వేళ్ళూనుకున్నది అనిపించింది, ఆ వివరాలు చదివినపుడు.

ఇక మూడవదీ, నాకు అన్నిటికన్న ముఖ్యమని తోచినదీ వయసు సంగతి. ఇనుము గోదాములో పడి ఉంటే, తుప్పు పట్టనిస్తే తప్ప, పదేళ్ళకైనా ఇనుమే. రబ్బరు అట్లా కాదు. వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ప్రాణవాయువు, ఎండ వేడిమి కలిసి దానిని గట్టిపరుస్తాయి. అంచులలో కంటికి ఆనని నెరియలు పుడతాయి. బ్రేకు కప్పు చేసే పనంతా ఆ అంచుతోనే. అందువల్ల పన్నెండేళ్ళ క్రితపు ఒరిజినల్ కప్పుకంటె, నిరుడు తయారయి, పేరున్న బ్రేకుల కంపెనీ పెట్టెలో వచ్చిన కప్పు ఎక్కువ నమ్మదగినది. ఒరిజినల్ అన్న మాట వస్తువు ఎవరింట పుట్టినదో చెబుతుంది గాని, ఎప్పుడు పుట్టినదో చెప్పదు.

బ్రేకు లైనింగుల విషయంలో ఇంకొక మెట్టు పైకి పోవాలి. పూర్వపు లైనింగులలో ఆస్బెస్టాస్ పీచు సర్వసాధారణం. ఆ ధూళి ఊపిరితిత్తులకు పట్టే క్యాన్సరుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. డ్రమ్ము విప్పగానే నోటితో ఉఫ్ మని ఊదేది మన మేస్త్రులే. అటువంటి చోట పాతకాలపు అసలుకోసం వెదకడం కంటె, ఆస్బెస్టాస్ లేదని పెట్టె మీద వ్రాసిన నేటి సరుకు వేయించడమే మేలు. ఆ మేలు బండిలో కూర్చునే వారికన్న ముందు బండి బాగుచేసే వానికి చెందుతుంది.

అట్లాగని కొత్తదే ఎప్పుడూ గొప్ప అనడం లేదు. తలుపు రేకు, బానెట్టు, బంపరు వంటివాటికి నా ఓటు తుక్కు బండినుంచి తీసిన పాతవాటికే. బజారులోని రేకులు అనేకం పలుచన. సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలో, చుట్టూ కాలవలు, వరిచేలు ఉన్న చోట పలుచని రేకు ఎన్ని వానకాలాలు నిలుస్తుంది? ఆ చెమ్మకే బ్రేకు ఆయిలు కూడా లోబడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. ఏళ్ళ తరబడి మార్చకపోతే సిలిండరు లోపలి గోడ తుప్పు పడుతుంది, ఆ గరుకు ఎంత మంచి కప్పునైనా కోసివేస్తుంది. కప్పులను డీజిలుతో కడిగే అలవాటు మరొకటి. ఆ నూనెకు రబ్బరు ఉబ్బిపోతుంది. కనుక కిట్టు ఎంచుకోవడంతోనే పని తీరదు, బిగించే చేతి పద్ధతీ చూడాలి.

మరి లోకల్? ఇక్కడ రెండు వేరు వేరు వస్తువులను ఒకే గాటన కడుతున్నాము. తన పేరు, చిరునామా ధైర్యంగా వేసుకుని, తక్కువ ధరకు అమ్మే చిన్న కంపెనీ ఒకటి. పెద్ద కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి, అదే రంగు పెట్టెలో అమ్మేది ఇంకొకటి. మొదటిది బేరం, రెండవది మోసం. ప్యాకెట్టులో అమ్మే సరుకుపై తయారీదారు పేరు, చిరునామా, తయారయిన నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఇవి లేని పెట్టెను వైపరు రబ్బరుకైతే క్షమించవచ్చును; బ్రేకుకు, స్టీరింగుకు క్షమించరాదు. నేను పెట్టుకున్న కొలత ఇదొక్కటే: ఆ భాగం పాడయితే బండి ఆగిపోతుందా, ఆగకుండా పోతుందా? ఆగిపోయే వాటి దగ్గర పొదుపు చేయవచ్చు.

మేస్త్రి పావు ధర సరుకు ఎందుకు ముందుకు తోస్తాడన్నదీ ఆలోచించవలసినదే. అతడు దురాశాపరుడు కాడు. మాస్టర్ సిలిండరు విప్పి, శుభ్రపరచి, బిగించి, గాలి తీసి, నాలుగు చక్రాలూ సరిచూడడానికి పూట పడుతుంది. ఆ పూటకు మనం ఇచ్చే కూలి, పట్నపు వర్క్‌షాపు బిల్లులో "ఇతరములు" క్రింద వేసే మొత్తమంత కూడా ఉండదు. మిగిలినది విడిభాగం మీద వచ్చే లాభంలో చూసుకుంటాడు. చౌక సరుకు మీద ఆ లాభం ఎక్కువ. మనం సరుకు దగ్గర ఖచ్చితంగా ఉండదలిస్తే, కూలి దగ్గర ఉదారంగా ఉండాలి. ఈ మాట మావయ్యతో అన్నపుడు ఆయన చాలసేపు మాటాడలేదు.

ఆయన అభ్యంతరం వేరే ఉంది. "అన్నీ మార్చుకుంటూ పోతే ఇంక ఇది ఏం బండిరా?" అన్నారు. నేను కాలవ వైపు చూపించాను. ఆ నీరు ధవళేశ్వరంనుంచి వస్తుంది. కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట స్థానంలో 1982కు కొత్త బ్యారేజి పూర్తయింది. అయినా గోదావరి రైతు నోట అది కాటన్ దొర ఆనకట్టే. ఊళ్ళోని భీమేశ్వరస్వామి సన్నిధిలో పెరిగిన ఆయనకు జీర్ణోద్ధరణ గురించి నేను చెప్పనక్కరలేదు. గుడి బాగుచేసేటపుడు దేవుని కళను బాలాలయానికి తరలించి, పని ముగిశాక మరల తెచ్చి నిలుపుతారు. రాళ్ళు మారినందుకు దేవుడు మారాడని ఎవరూ అనరు. ఉపమానం బండికి కొంచెం పెద్దదే గాని, ఆయనకు నచ్చింది.

రాజమండ్రినుంచి బ్రేకుల కంపెనీ పెట్టె వచ్చింది, తయారీ తేదీ చూసి తీసుకున్నాము. సిలిండరు లోపలి గోడ బాగుంది కనుక కిట్టుతోనే సరిపోయింది. గొట్టాలలోని పాత ఆయిలంతా వదిలించి కొత్తది పోయించాము. మేస్త్రి అడిగిన కూలికి మావయ్య మరి కొంత కలిపి ఇచ్చారు. పెడలు ఇపుడు కాలు కింద నిలుస్తోంది. అత్తయ్యకు ఇవేవీ తెలియవు, తెలియనక్కరలేదు.

తీరని చింత ఒకటి మిగిలింది. ఆ బండి రిజిస్ట్రేషను మరల 2028లో పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. ఇరవయ్యేళ్ళు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. అది కట్టవచ్చును. కాని రోడ్ల మీద అంబాసిడర్లు తగ్గే కొద్దీ, వాటికి కప్పులు చేసే బయటి కంపెనీలకూ ఆ పనిలో లాభం తగ్గిపోతుంది. కారు కంపెనీ మూతపడిన నాటినుంచి ఈ బళ్ళను నడిపిస్తున్నది ఆ బయటివారే. వారు అచ్చు పక్కన పెట్టిన నాడు ఒరిజినలా, లోకలా అన్న ప్రశ్నే ఉండదు. రబ్బరు నిలవ చేసుకుందామంటే, పైన చెప్పినట్లు, నిలవ ఉండదు. మిత్రులలో ఎవరి ఇంటనైనా ఇంకా అంబాసిడర్ నడుస్తూ ఉంటే, ఈ సంగతికి ఏ ఏర్పాటు చేసుకుంటున్నారో తెలియజేయ ప్రార్థన. మావయ్య మాత్రం 2028 రుసుమును ఇప్పటినుంచే పక్కన పెడుతున్నారు.