నాలుగు చక్రాలు, రెండున్నర వేల డాలర్లు

కారు చక్రాలు మార్చడంలో డబ్బు తినేది రిమ్ము కాదు, దాని మీదికెక్కే టైరు. రిమ్ము ఒకసారి కొంటే, గుంతల్లో పడేయకుండా చూసుకుంటే, కారు ఉన్నంత కాలం ఉంటుంది. టైరు మాత్రం నడిపిన ప్రతి మైలుకీ ఇంత అని మన దగ్గర వసూలు చేస్తూనే ఉంటుంది. నా జీఆర్86కి చక్రాలు ఎంచుకున్నప్పుడు ఈ లెక్కతోనే మొదలుపెట్టాను.

కారు 2022 మోడల్ టయోటా, బేస్ ట్రిమ్, మాన్యువల్ గేరు. ఆ ఏడాది కంపెనీ ధర 27,700 డాలర్లు, రవాణా చార్జీ, పన్ను అదనం. 2.4 లీటర్ల ఇంజిను, 228 హార్స్‌పవర్, బరువు సుమారు 2,800 పౌండ్లు. డాలస్ ఉత్తరాన మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు కనిపించే బండి కాదిది. వెనక సీట్లు పేరుకే. పిల్లల్ని సంగీతం క్లాసుకి దింపాలంటే వ్యాను తీయాల్సిందే. 401కేకీ, పిల్లల కాలేజీ ఖాతాకీ, ఊళ్లో అమ్మకీ వెళ్లాల్సింది వెళ్లాక, ఏటా వచ్చే బోనసులో ఒక వాటా నా సరదాలకని మా ఆవిడా నేనూ చాలాకాలం కిందటే ఒప్పుకున్నాం. ఆ ఖాతాలో ఎంతుంటే అంతే. ఈ మధ్య చక్రాలమ్మే ప్రతివాడూ నెలవారీ వాయిదాలంటున్నాడు. సరదా కోసం పెట్టే ఖర్చుకి వాయిదాలేమిటన్నది నా పట్టుదల.

అల్లాయ్ వీల్స్ కొంటున్నానని ఫోన్లో చెబితే తెనాలి నుంచి అమ్మ అడిగింది: "చక్రాల్లేకుండానే కారు అమ్మాడట్రా వాడు?" 

న్యాయమైన ప్రశ్నే. కారుతో వచ్చిన 17 అంగుళాల చక్రాలకి లోటేమీ లేదు. లోటల్లా వాటి మీదున్న టైర్లది. బేస్ ట్రిమ్‌కి కంపెనీ ఇచ్చినవి మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ, 215/45ఆర్17. మెత్తగా నడవడానికి, ఎక్కువకాలం మన్నడానికి చేసిన టైరు. మలుపులో పట్టు తొందరగా వదిలేస్తుంది. అలా జారడమే సరదా అనేవాళ్లున్నారు. నాకు పట్టే కావాలి. అంటే నిజానికి నా అవసరం టైర్లతోనే తీరుతుంది. మరి రిమ్ములెందుకు అనే ప్రశ్నకి జవాబు కాస్త ఆగి చెబుతాను.

ముందు బరువు సంగతి. గ్యారేజీలో చక్రం విప్పి, దాన్ని రెండు చేతులా పట్టుకుని, బాత్‌రూంలో ఉండే తూకం మెషీన్ మీద నిలబడ్డాను. నా బరువు తీసేస్తే టైరుతో సహా 39 పౌండ్ల దాకా వచ్చింది, అందులో రిమ్ము వాటా 19కి కాస్త లోపు. తెల్లటి మెషీన్ మీద నల్లటి టైరు చారలు చూసి మా ఆవిడ, "చక్రం బదులు మీరే ఓ పది పౌండ్లు తగ్గితే పైసా ఖర్చుండదు కదండీ" అంది. ఆవిడ ఎగతాళిగా అన్నా, భౌతికశాస్త్రం ఆవిడ వైపే ఉంది.

చక్రం కారుతో పాటు ముందుకీ కదులుతుంది, తన చుట్టూ తానూ తిరుగుతుంది. అందుకని చక్రంలో తగ్గించిన పౌండు డిక్కీలో తగ్గించిన పౌండు కంటే ఎక్కువ విలువ చేస్తుంది. ఎంత ఎక్కువన్న దగ్గరే అమ్మేవాళ్ల నాలుక మెలిక తిరుగుతుంది. ఒకటికి పది అంటారు కొందరు. అంత లేదు. బరువంతా నేలని తాకే అంచులోనే ఉందనుకున్నా వేగం పుంజుకోవడంలో దాని ప్రభావం రెట్టింపుకి మించదు. రిమ్ము అంచుకి చాలా లోపలే ఉంటుంది కాబట్టి ఒకటిన్నర రెట్లు వేసుకుంటే సరిపోతుంది. చక్రానికి 3 పౌండ్లు తగ్గితే నాలుగింటికి 12. ఒకటిన్నరతో హెచ్చవేస్తే 18. మనిషితో కలిపి 3,000 పౌండ్ల కారులో అది నూటికి ఒక వంతు కూడా కాదు. పెట్రోలు గ్యాలనుకి 6 పౌండ్ల పైచిలుకు. ట్యాంకులో మూడు గ్యాలన్లు తక్కువ పోయించుకుంటే అదే ఫలితం ఊరికే వస్తుంది. పైగా టైరు వెడల్పు పెంచితే టైరు బరువూ పెరుగుతుంది, అదీ సరిగ్గా ఆ అంచు దగ్గరే. రిమ్ములో ఆదా చేసింది అక్కడ చాలావరకు చెల్లుకి చెల్లు. కాబట్టి తేలిక రిమ్ములేస్తే కారు దూసుకుపోతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

తేలిక రిమ్ము పనికొచ్చే చోటు వేరే ఉంది. చక్రం, బ్రేకు, టైరు ఇవన్నీ స్ప్రింగుల కింద ఉండే బరువు. అది తగ్గితే రోడ్డు ఎగుడుదిగుళ్ల మీద టైరు నేలని వదలకుండా ఉండటం సులువవుతుంది. ఇక్కడి హైవేలు చాలావరకు కాంక్రీటు. పలకల మధ్య అతుకుల మీద కారు టకటకమంటూ పోతుంది. కొత్త చక్రాలతో ఆ చప్పుడు మొద్దుబారింది, స్టీరింగు చేతికి తేలికైంది. ఆ మార్పులో టైరు వాటా ఎంతో, రిమ్ము వాటా ఎంతో విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు.

ఇక సైజు. చాలామంది ముందు రిమ్ము చూసి మనసు పారేసుకుని, ఆ తర్వాత దానికి టైరు వెతుక్కుంటారు. నేను కాగితం మీద ముందు టైరు సైజులే రాసుకున్నాను. ఈ కారు అభిమానుల్లో పేరున్న సైజు 245/40ఆర్17, 9 అంగుళాల వెడల్పు రిమ్ము మీద. మొత్తం ఎత్తు 628 మిల్లీమీటర్లు. కంపెనీ టైరు 625. స్పీడోమీటరుకి తేడాయే తెలియదు. కానీ ఆ సైజు రోజువారీ కార్లలో అరుదు. ఎంపిక తక్కువ, ధర ఎక్కువ, టెక్సస్‌లో ఏ చిన్న ఊరి దగ్గరో టైరు పగిలితే షాపువాడి దగ్గర దొరకదు. రిమ్ము వెడల్పు 7.5 అంగుళాల నుంచి 9కి, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకీ, హబ్బుకి బిగించే ముఖానికీ మధ్య దూరం) 48 నుంచి 45 మిల్లీమీటర్లకి మారితే చక్రం బయటి అంచు 22 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 16 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతాయి. ఫెండరుకి తగలకుండా క్యాంబరు, అంటే చక్రం నిలువు వంపు, సర్దాలి, కొన్ని చోట్ల అంచు మడవాలి. ఆ పనులన్నిటికీ డబ్బే.

నేను తీసుకున్నది 225/45ఆర్17. పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్, పాత మెర్సిడెస్ సీ క్లాస్, ఫోక్స్‌వ్యాగన్ జీటీఐ, ఎన్నో కార్లకి ఏళ్ల తరబడి ఇదే సైజు. కోట్ల చక్రాల మీద తిరిగిన సైజు కాబట్టి ప్రతి కంపెనీ చేస్తుంది, పోటీ ఉంటుంది, ఏటా అమ్మకాల సీజనులో తగ్గింపులు వస్తాయి. ఎత్తు 634 మిల్లీమీటర్లు, అంటే కంపెనీ టైరు కంటే 1.4 శాతం ఎక్కువ. మీటరు 70 చూపించినప్పుడు నేను 71లో ఉంటాను, అంతే. బరువు మోసే సూచీ 87 నుంచి 91కి పెరుగుతుంది. కిలోల్లో చెప్పాలంటే టైరుకి 545 నుంచి 615. తగ్గకూడదు గానీ పెరిగితే ఇబ్బందేమీ లేదు. దీనికి 8 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ 45 సరిపోయింది. బయటికి 9 మిల్లీమీటర్లు, లోపలికి 3. ఎక్కడా ఏదీ తగల్లేదు, సుత్తి పట్టాల్సిన పని పడలేదు. ఆటోక్రాస్ పోటీల్లో స్ట్రీట్ వర్గంలో ఉండదలచినవాళ్లు మాత్రం జాగ్రత్త: ఆ వర్గంలో రిమ్ము వెడల్పు కంపెనీ ఇచ్చినదే ఉండాలి. నాకు కప్పుల మీద ఆశ లేదు గనక పట్టించుకోలేదు.

రిమ్ము ఎంపిక చివరికి రెండు పేర్ల మధ్య తేలింది. రెండూ జపాన్‌వే. రేస్ కంపెనీ టీఈ37 అంటే 1996 నుంచి కుర్రాళ్ల గోడ మీద బొమ్మ. 15 అంగుళాల సైజులో బరువు 3.7 కిలోలే కాబట్టి పేరులో ఆ 37. అల్యూమినియం దిమ్మెని పెద్ద ప్రెస్సుల కింద నొక్కి చేసే ఫోర్జ్‌డ్ రిమ్ము అది. ఒక్కోటి ఏడెనిమిది వందల డాలర్లు. ఎంకీ ఆర్‌పీఎఫ్1 పోత పోసిన రిమ్మే, కాకపోతే పోశాక దాని పీపా భాగాన్ని వేడి మీద రోలర్లతో ఒత్తి సాగదీస్తారు. అందుకని పలచగా ఉన్నా బలంగా ఉంటుంది. ఒక్కోటి 300 చుట్టూ. నా సైజులో బరువు 16 పౌండ్ల చుట్టుపక్కల, ఫోర్జ్‌డ్ రిమ్ముతో తేడా మహా అయితే ఓ పౌండు. ఆ పౌండు కోసం నాలుగు చక్రాలకి, 8.25 శాతం పన్నుతో, అదనంగా పెట్టాల్సింది 1,950 డాలర్లు. ఆ డబ్బుకి రెండు సెట్ల టైర్లు, బిగింపు కూలీతో సహా వచ్చి, ఇంకా ఓ 150 మిగులుతుంది. ఏడాది పొడవునా ట్రాక్ మీద తిరిగేవాడికి, కర్బుల మీదికి ఎక్కించేవాడికి ఫోర్జ్‌డ్ దండగ కాదు. దెబ్బ తగిలితే అది పగలడం కంటే వంగడమే ఎక్కువ. ఆఫీసుకీ కాస్ట్‌కోకీ వెళ్లే నాకు అది ఆడంబరం.

మా టీములో ఓ కుర్రాడు మధ్యేమార్గం కనిపెట్టాడు: చూడ్డానికి అచ్చం టీఈ37లా ఉండే నకలు రిమ్ములు, ఒక్కోటి 150 డాలర్లు. వద్దన్నాను. వాటి బరువు తరచుగా కంపెనీ రిమ్ము కంటే ఎక్కువుంటుంది. రిమ్ము వెనక వైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ ముద్రలు, మోయగల బరువు అచ్చొత్తి ఉన్నాయేమో చూడమన్నాను. వీటిలో జేడబ్ల్యూఎల్ తయారీదారు తనకు తానే వేసుకునేది, వీఐఏ బయటి సంస్థ పరీక్షించి ఇచ్చేది. అతను చూపించిన ఫొటోల్లో రెండూ లేవు.

ఇప్పుడు బిల్లు. రిమ్ములు 1,200, టైర్లు 720. ఎవరూ ముందుగా చెప్పని చిల్లర సామాను కూడా ఉంటుంది. రిమ్ము మధ్య రంధ్రం 73 మిల్లీమీటర్లు, ఈ కారు హబ్బు 56.1, ఆ ఖాళీని పూడ్చే రింగులు కావాలి. రిమ్ముకి సరిపడే లగ్ నట్లు కావాలి. రెండూ కలిపి వంద. గాలి ఒత్తిడి సెన్సర్లు నాలుగింటికి 200, వాటిని కారు కంప్యూటరుకి నమోదు చేయించడం వేరే తతంగం. పన్ను 183. బిగించి బేలన్స్ చేసినందుకు 120. మొత్తం 2,523. అలైన్‌మెంట్ కూడా చేయిస్తే మంచిదని షాపులో పట్టుబట్టారు. చక్రాలు మార్చినంత మాత్రాన అలైన్‌మెంట్ మారదు, చేయించలేదు.

ఆపి ఉంచిన ప్రశ్న: టైర్లే ముఖ్యమైతే పాత రిమ్ముల మీదే 900తో పని అయిపోయేది కదా? అయ్యేది. డబ్బు బిగువుగా ఉంటే ఎవరికైనా ఆ సలహాయే ఇస్తాను. నాకు రెండో సెట్టు కావాల్సొచ్చింది చలికాలం వల్ల. 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి ముదిరితే వేసవి టైరు రబ్బరు గట్టిపడుతుంది. గడ్డకట్టే చలిలో కదిపితే పగుళ్లిస్తుంది. 2021 ఫిబ్రవరిలో మంచుకి టెక్సస్ ఏమైందో ఇక్కడున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. పాత రిమ్ముల మీద ప్రైమసీలు అరిగాక ఆల్ సీజన్ టైర్లు వేయించాను. చలి నెలల్లో అవి, మిగతా కాలం ఇవి. అరుగుదల రెండు సెట్లూ పంచుకుంటాయి, ప్రతిసారీ షాపులో టైరు విప్పించే ఖర్చు లేదు, కారు అమ్మేనాటికి కంపెనీ చక్రాలు గీతల్లేకుండా ఉంటాయి. కొనేవాడు నా ఆర్‌పీఎఫ్1లకి పైసా ఎక్కువివ్వడు. వాటిని విడిగా అమ్ముకోవాల్సిందే. ఇవి కాక, అందం అనే పద్దు ఒకటుంది. దాని కింద ఓ ఐదారు వందలు రాసుకున్నాను, సిగ్గేమీ లేదు.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. మా టెక్సస్‌లోనే శాన్ ఆంజెలో దగ్గర 400 మైళ్ల దారిలో టైర్లని 7,200 మైళ్లు తిప్పి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి వేసే అంకె అది. చివరికి అంకె వేసుకునేది కంపెనీయే కాబట్టి రెండు కంపెనీల మధ్య పోలికకి పెద్దగా పనికిరాదు, అంచనాకి పనికొస్తుంది. 200 అంకె ఉన్న టైరు జిగురులా పట్టుకుంటుంది, నా నడకకి 12,000 మైళ్లొస్తే గొప్ప. సెట్టు 800 అనుకుంటే మైలుకి 6.7 సెంట్లు. 300 పైన అంకె ఉన్నది 24,000 మైళ్లొస్తుంది. 720కి మైలుకి 3 సెంట్లు. గ్యాలను 3 డాలర్లు, గ్యాలనుకి 24 మైళ్లు అనుకుంటే పెట్రోలు మైలుకి 12.5 సెంట్లు. అంటే ఆ జిగురు టైర్లు పెట్రోలు ఖర్చులో సగం పైగా తింటాయి. నేను 300 పైన ఉన్నదే కొన్నాను. వీధుల్లో అంతకంటే పట్టు అవసరమైతే నడిపే తీరులో ఏదో తేడా ఉన్నట్టే.

రెండు కాగితాల విషయం. ఒకటి, బయటి చక్రాలేస్తే వారంటీ పోతుందని సర్వీసు కౌంటరులో బెదిరిస్తారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఆ చెడిపోవడానికి మీరు వేసిన భాగమే కారణమని చూపించకుండా వారంటీ కాదనలేరు. రెండు, ఇన్సూరెన్సు. బయట కొన్న సామాను చాలా పాలసీల్లో ఒక పరిమితి వరకే కవరవుతుంది. ఏజెంటుకి ఫోన్ చేసి మీ పాలసీలో అదెంతో కనుక్కోండి, బిల్లుల ఫొటోలు తీసిపెట్టుకోండి, ఒక్కో చక్రానికీ ఒక తాళపు నట్టు వేయించండి.

బిగించిన షాపువాడు నట్లని ఎయిర్ గన్‌తో కసి తీరా బిగించి, ఓ రిమ్ము రంధ్రం దగ్గర రంగు లేపేశాడు. మీరు వెళ్లినప్పుడు చేతి టార్క్ రెంచితో బిగించమని ముందే అడగండి. ఇంటికొచ్చాక, 50 నుంచి 100 మైళ్లు నడిచాక, మీ కారు మాన్యువల్లో రాసిన అంకెకి ఆ ఇరవై నట్లనీ మళ్లీ ఓసారి బిగించి చూసుకోండి.