వానొస్తే దీవి... గంగారం!

చుట్టూ సముద్రం లేదు. రేవు లేదు, పడవా లేదు. అయినా నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు... మహబూబాబాద్ జిల్లా గంగారం మండలంలోని గూడేలు దీవులైపోతాయి. ఇక్కడే ఉందామా... పట్నం పోదామా? ఏటా వానాకాలం ఆ ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది.

తెల్లవారితే పిట్టల కూతలు. ఇంటి వెనక మొక్కజొన్న చేను, దాని వెనక టేకు, మద్ది, ఇప్ప చెట్లు. హారన్ల మోత లేదు. నెల తిరిగేసరికి తలుపు తట్టే ఇంటి ఓనరూ లేడు. నర్సంపేట దాటి కొత్తగూడ మీదుగా గంగారం దారి పట్టినవారికి ఒక్కసారైనా అనిపిస్తుంది, 'ఉంటే ఇలాంటి ఊళ్లో ఉండాలి' అని. సరిగ్గా అప్పుడే ఎదురుగా వచ్చే బస్సులో ఆ ఊళ్ల కుర్రాళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని నర్సంపేటకో హన్మకొండకో పోతుంటారు. ఒకరు కోరుకునేదాన్నే మరొకరు వదిలిపెట్టి వెళ్తున్నారు. ఎందుకని?

ఏది పట్నం?

2016 దాకా గంగారం కొత్తగూడ మండలంలో ఓ గ్రామం. ఆ ఏడాది అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు కొత్త మండల కేంద్రమైంది. వరంగల్ జిల్లా నుంచి కొత్తగా పుట్టిన మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. కోయలు ఎక్కువగా ఉండే ఏజెన్సీ ప్రాంతమిది. తహసీల్దారు ఆఫీసు దగ్గరికొచ్చింది, సంతోషమే. మరి పట్నం మాటేమిటి?

కలెక్టరేటు ఉండేది మానుకోటలో... అదే మహబూబాబాద్‌లో. ఓటేసేది ములుగు ఎమ్మెల్యేకి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఏటూరునాగారంలో, అది ములుగు జిల్లా. సరుకులకూ బస్సులకూ అలవాటైన నర్సంపేట ఏమో వరంగల్ జిల్లా! మూడు జిల్లాల మధ్య ఉన్న ఊరి నుంచి 'పట్నానికి మారదాం' అనుకుంటే ముందు ఏ పట్నమో తేల్చుకోవాలి. మానుకోటకు కాజీపేట-విజయవాడ రైలు మార్గం ఉంది. 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. నర్సంపేటకు రైలు లేదు. కానీ తెలిసిన దుకాణాలు, అప్పు పుట్టే చోట్లు, చుట్టాల ఇళ్లు ఉన్నాయి. 2024లో అక్కడా మెడికల్ కాలేజీ మొదలైంది. చాలా ఇళ్లలో చర్చ ఆగేది ఇక్కడే. ఒక పట్నంలో ఆసుపత్రి ఉంటే మరో పట్నంలో అయినవాళ్లుంటారు!

వాగు చెప్పిన లెక్క

నిజం దీవుల్లో రేవుంటుంది, పడవకో వేళ ఉంటుంది. వానాకాలపు దీవికి ఆ ఏర్పాటూ ఉండదు. మొన్నటిదాకా మోకాలి లోతులో దాటిన వాగు రాత్రికి రాత్రే దారి మూసేస్తుంది. 108కు ఫోన్ చేయొచ్చు. కానీ అది అవతలి గట్టు దగ్గరే ఆగుతుంది. నిండు చూలాలు ఉన్న ఇంట్లో ఆ నిశ్శబ్దం ఎవరికీ హాయిగా ఉండదు. అందుకే నెలలు నిండకముందే బిడ్డను పట్నంలోని చుట్టాలింటికి చేర్చే తల్లులున్నారు.

ఈ భయం ఉత్తిదేం కాదు. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత వాన! జులై 27న ఏటూరునాగారం మండలం కొండాయిని జంపన్నవాగు ముంచెత్తింది. ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలోకి మోరంచవాగు దూసుకొచ్చింది. జనం డాబాలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్లను బయటికి తేవడానికి పడవలు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మోరంచపల్లి అడవి లోపలి ఊరు కాదు, పెద్ద రోడ్డు మీదున్న ఊరు.

అయితే పట్నం దారి పట్టినవారంతా గట్టెక్కినట్టేనా? 2024 సెప్టెంబరు 1న ఇదే మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం-ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. మానుకోటకు గొప్ప అండ అనుకున్న రైలు మార్గమే కొన్ని రోజులు మూతపడింది. తేడా ఒక్కటే... పట్టాలను రోజుల్లో బాగు చేశారు. గూడెం వాగు మీద వంతెనకు మాత్రం ఏళ్లు ఎదురుచూడాలి.

అమ్ముకుని పోలేరు... కొనుక్కుని రాలేరు

'పోనీ ఉన్న భూమి అమ్మేసి పట్నంలో ఓ ఇల్లు కొనుక్కుంటే?' వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏజెన్సీలో భూమి లెక్క వేరు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ'గా నానిన చట్టం అదే. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి మారితే ఆ బదలాయింపు చెల్లదు. గిరిజన రైతు అమ్మాలన్నా మరో గిరిజనుడికే అమ్మాలి. పోడు పట్టాలది ఇంకో దారి. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన భూమి వారసులకు దక్కుతుంది కానీ అమ్మడానికి వీల్లేదు. 2023లో తెలంగాణలో పంచిన పోడు పట్టాలదీ అదే తీరు.

మైదానంలో ఎకరం అమ్మినవారు పట్నంలో ప్లాటు కొనగలరు. గంగారంలో ఎకరం ఉన్నవారికి అది సాగదు. కానీ ఆ కట్టుబాటే లేకపోతే ఈ ఎకరాలు ఈపాటికి ఎవరి పేరున ఉండేవో ఊహించడం కష్టం కాదు. పట్నంలో పని పోయినవాడు తిరిగొస్తే నిలబడేందుకు చేను ఉందంటే, అది చట్టం పెట్టిన కంచె వల్లే. అన్నట్టు, అడవి గాలికి ముచ్చటపడి 'ఇక్కడో అరెకరం కొనుక్కుందాం' అనుకునే గిరిజనేతరులకూ ఇదే జవాబు. చూసి రావడమే తప్ప కొనుక్కోవడం కుదరదు!

సగం ఇక్కడ... సగం అక్కడ

అందుకే చాలా కుటుంబాలు రెండింట్లో ఒకటి ఎంచుకోవు. కుటుంబాన్నే రెండుగా సర్దుకుంటాయి. ఐదో తరగతికొచ్చిన పిల్లలు గురుకులానికి. పెళ్లయిన కొడుకు పట్నంలో కిరాయి ఇంటికి. పెద్దవాళ్లు చేను దగ్గరే. ఎండాకాలం తునికాకు సీజన్‌కు కొందరు వెనక్కొస్తారు, నాట్లకు మరికొందరు. "ఈ వానాకాలమన్నా మా దగ్గరుండరాదే నాయనా" అని కొడుకు ఫోన్లో బతిమాలతాడు. "ఎడ్లను నువ్వొచ్చి చూస్తవా బిడ్డా?" అని తండ్రి నవ్వేస్తాడు. అక్కడితో ఆ ఏటికి చర్చ ముగుస్తుంది.

ఈ మండలంలోని పూనుగొండ్ల దేవుడిదీ వెళ్లొచ్చే అలవాటే. సమ్మక్క భర్త పగిడిద్దరాజు కొలువైన ఊరది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పూజారులు ఆయన్ను తీసుకుని అడవి దారిన కాలినడకన బయల్దేరుతారు. జాతర ముగిశాక స్వామి తిరిగి పూనుగొండ్లకే వస్తాడు. సారలమ్మ భర్త గోవిందరాజు వచ్చేది 2023లో నీట మునిగిన ఆ కొండాయి నుంచే. ముంచిన వాగుకు ఉన్నది సమ్మక్క కొడుకు జంపన్న పేరు! ఊరిని కాచే దేవుళ్లూ, ఊరిని ముంచే వాగూ ఒకే కథలోవారైన చోట 'వదిలేసి వెళ్లండి' అనడం తేలిక కాదు.

వదిలేసి వెళ్లినవారూ లోకంలో ఉన్నారు. స్కాట్లాండ్ పడమటి సముద్రంలోని సెయింట్ కిల్డా దీవిలో చివరికి 36 మంది మిగిలారు. పడుచువాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రోగమొస్తే వైద్యం అందే దారి లేదు. తమను తీసుకెళ్లిపొమ్మని వాళ్లే సర్కారుకు అర్జీ పెట్టుకున్నారు. 1930 ఆగస్టు 29న ఓడెక్కారు. వందల ఏళ్ల ఊరు ఆ ఒక్క రోజుతో ఖాళీ. అక్కడ గెలిచింది పట్నం సోకు కాదు. డాక్టరు, దారి... ఈ రెండూ లేకపోవడమే ఊరిని ఓడించింది.

గంగారం ఇంకా ఆ గట్టు దాకా పోలేదు. బస్సుంది, మండలాఫీసుంది, చేను పండుతోంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది కోరుకున్న ఊరే. మిగిలిన కొద్ది వారాలే అసలు పరీక్ష. ఆ వారాల్లో కూడా అంబులెన్సు వాగు దాటి రాగలిగితే 'ఉందామా, పోదామా' అన్న ప్రశ్నకు సగం ఇళ్లలో జవాబు మారిపోతుంది. అందుకే ఏ అడవి ఊళ్లోనైనా స్థిరపడాలనుకునేవారు, ఉన్న ఊరు వదలాలనుకునేవారు అక్కడి మంచి చెడ్డలు తూచాల్సింది పంట చేతికొచ్చి, వాగులో ఇసుక తేలిన సంక్రాంతికి కాదు. ఆగస్టులో... వాగు నిండుగా పారుతున్నప్పుడు!