పులిగడ్డ దాటాక కృష్ణ

మహాబలేశ్వరం కొండల్లో కృష్ణ పుట్టే చోటికి అరేబియా సముద్రం 65 కిలోమీటర్ల దూరం కూడా లేదు. అయినా నది ఆ వైపు చూడదు. సుమారు 1,300 మీటర్ల ఎత్తు నుంచి తూర్పుకు దిగి, 1,400 కిలోమీటర్లు నడిచి మన దివిసీమకు వస్తుంది. దారిలో కొయనా, భీమా, తుంగభద్ర, మూసీ, మున్నేరు కలుస్తాయి. ఆలమట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల ఒకదాని తర్వాత ఒకటి నీటిని నిలబెట్టుకుంటాయి. ఇంతవరకూ బళ్ళో చదువుకున్నదే. నేను చెప్పదలచింది విజయవాడ దిగువన మిగిలే వంద కిలోమీటర్ల లోపు నది గురించి.

1855లో ఆనకట్ట పూర్తయ్యాక, తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, విజయవాడ దగ్గరే కృష్ణ కాలువల్లోకి మళ్ళిపోతుంది. పడమటి గట్టున గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ, తూర్పు గట్టున బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ. రెండు వైపులా కలిపి 13 లక్షల ఎకరాలు. గుడివాడ చుట్టుపక్కల సార్వా నారుమడి తడవాలంటే ఈ కాలువలకు నీళ్ళు వదలాలి. 2015 నుంచి పట్టిసీమలో తోడిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోంది. కృష్ణా డెల్టా ఇప్పుడు గోదావరి నీళ్ళు కూడా తాగుతోంది. బందరు ఊరి సంగతి మరీ కష్టం. భూమిలో ఉప్పునీరే కాబట్టి కాలువ నీటిని తరకటూరు చెరువులో నింపుకుని వేసవి గడుపుకోవాలి.

కరకట్ట వెంట కిందికి వస్తే తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద, అరటి. ఇంకా దిగితే కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద సంకల్పించిన ఆంధ్ర మహావిష్ణువు గుడి. పక్కనే ఘంటసాల. టాలెమీ రాసిన రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇవాళ ఘంటసాలలో నిలబడితే సముద్రం జాడ కనబడదు. మధ్యలో ఉన్న మాగాణి అంతా నది తెచ్చి పోసిన ఒండ్రు. దివిసీమ మొత్తం ఆ ఒండ్రుతో కట్టినదే.

పులిగడ్డ దగ్గర నది రెండు పాయలవుతుంది. ఎడమ పాయ మీద బ్రిటిష్ కాలపు అక్విడెక్టు ఉంది. కింద నది, దాని నెత్తిన కాలువ. విజయవాడ దగ్గర నదిలోంచి తీసిన నీళ్ళే ఆ నదిని పైనుంచి దాటి అవనిగడ్డ పొలాలకు పోతాయి. వేసవిలో అక్కడ ఆగి చూడండి. కింద పాయలో ఉన్నది చాలావరకు సముద్రపు పోటుకు ఎగదన్నిన ఉప్పునీరు. కాలువ చివరన కోడూరు, నాగాయలంక శివారు రైతు మడిలోకి నీరు పెట్టే ముందు దోసిట్లో పట్టి నాలుక్కి తగిలించుకుంటాడు. ఉప్పగా ఉంటే మడవ కట్టేస్తాడు. ఆ ఒక్క తడి తప్పితే పొట్ట మీదున్న వరి తాలు పోతుంది.

ఎడమ పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కుడి పాయ నాగాయలంక పక్కగా పోయి ఎదురుమొండి దీవుల దగ్గర మళ్ళీ చీలుతుంది. ఏటిమొగలో పంటు ఎక్కితే ఆ దారి తెలుస్తుంది. నీరు తీసిన వేళ మడ చెట్ల చుట్టూ బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి నిలబడి ఉంటాయి, ఊపిరి తీసుకునేది వాటితోనే. వాటి మధ్య ఎర్ర డెక్కల పీతలు, రొయ్య పిల్లలు. ఈ మడకు ఉప్పునీరొక్కటే చాలదు, పైనుంచి తీపినీరు కూడా రావాలి. 1864 ఉప్పెన బందరులో సుమారు ముప్పైవేల మందిని మింగింది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. అలాంటి అలకు ఎదురుగా మనకున్న మొదటి కట్ట ఈ మడ అడవి.

ఆ కట్ట బలహీనపడుతోంది. ఒండ్రు జలాశయాల అడుగున పేరుకుపోతోంది. నాచుగుంట వంటి చోట్ల తీరం కోసుకుపోతోంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగాయి. వేసవి వస్తే అదే నదిలో ఇసుక తేలుతుంది.

బచావత్ ట్రిబ్యునల్ కృష్ణ నీటిలో 2,060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచింది. కూడి చూడండి, లెక్క సరిపోతుంది. నదికి మిగిల్చింది ఏమీ లేదు. ఏటా వరద రాగానే నీరు వృథాగా సముద్రం పాలవుతోందని పేపర్లు రాస్తాయి. ఆ నీరే మొగలో ఉప్పును వెనక్కి నెడుతుంది, మడను బతికిస్తుంది, వేటగాడి వలలో చేపవుతుంది. దాన్ని వృథా అనడం దివిసీమకు చేసే అన్యాయం.

డెల్టా వాటా కోసం పోరాడే రైతు సంఘాలూ, నాయకులూ కాలువ నీటితో పాటు పులిగడ్డ కింద ఏడాది పొడుగునా పారాల్సిన నీటిని కూడా అడగాలి, అంకె వేసి, టీఎంసీల్లో.