తంత్రులు పట్టిన చేతులు

నేను నారాయణఖేడునకుఁ గోడలిగా వచ్చిననాఁడు నావెంట వీణయు వచ్చినది. "నలుగురిలోఁ గూర్చుండి వాయించుట యేమమ్మా?" యని యత్తగా రన్నంతనే దాని నటకమీఁదఁ బెట్టితిని.

మొన్న మా యమ్మాయి యొక పాత అమెరికా పాట వినిపించినది. ఫిడేలు, బాంజో, మాండొలిన్, గిటారు వాయించినవారందఱును స్త్రీలే! కెంటకీ కొండపల్లెలోఁ బుట్టిన లిల్లీ మే లెడ్‌ఫర్డుతోఁ గూడ నలుగురు యువతులతో 1937లో నేర్పడిన "కూన్ క్రీక్ గర్ల్స్" మేళ మది. 1939లో అమెరికా అధ్యక్షభవనమున నాంగ్లేయ రాజదంపతుల యెదుటను వారు వాయించిరి.

అంతదూర మేల? 1940 దశకమున మోటూరి ఉదయంగారు తెలుగునాట స్త్రీల బుర్రకథదళమును నడపిరి. పురుషుల సొత్తనుకొన్న తంబుర స్త్రీ భుజ మెక్కినది.

వారికిని లోకులమాట తప్పియుండదు. కాని వారు కలిసి నిలిచిరి. నే నొంటిగా జడిసితిని. భేద మింతియే.

వీణను దింపి, తుప్పుపట్టిన యేడు తంత్రులును మార్పించితిని. పొరుగింటి వదినగారు తంబురా పట్టెద ననిరి. అమ్మాయి ఫిడేలు నేర్చుకొనుచున్నది. శుక్రవారము సాయంకాలము మా వసారాలో మువ్వురమును గూర్చుంటిమి. శ్రుతి కలియుటకే గంట పట్టినది. అత్తగారు లోపలినుండి వచ్చి, చాపమీఁదఁ గూర్చుండి, "ఇంకొకటి వాయింపుఁడు" అనిరి.

మీ యటకలమీఁద నేమున్నదో యొకపరి చూడుఁడు.