పంకా యెంపిక

విసనకఱ్ఱకు మన భాషలో పేళ్ళకు కొదువ లేదు. వీవన యనియు, సురటి యనియు, వ్యజనమనియు, తాళవృంతమనియు పెద్దలు వ్యవహరించిరి. అది కొనుటకు పెద్ద యోచన యక్కఱలేదు. చేతి సత్తువయే దానికి విద్యుచ్ఛక్తి. నేటి యంగడిలో నిలిచినచో తలపై పలు రకముల పంకాలు తిరుగుచుండును. వానిలో నేది మన గదికిని, ఏది మన యాదాయమునకును తగినదో తెలిసికొనుట గృహిణి కొక పరీక్షయే.

మేము బెజవాడలో నొక భవనమున మీది యంతస్తులో కాపురముండుచున్నాము. పగలెల్ల నెండకు కాగిన కప్పు రాత్రి చాలసేపటివఱకు నా వేడిని గదిలోనికి గ్రక్కుచుండును. మా యత్తగారికి డెబ్బదియేండ్లు దాటినవి. గడచిన రోహిణికార్తెలో వారికి నిద్ర కఱవయ్యెను. నడిరేయి లేచి మీట నొక్కి పంకా నాపి, తాటియాకు విసనకఱ్ఱతో విసరుకొనుచుండిరి. కారణమడుగగా, “ఫ్యాను గాలికి కీళ్ళు పట్టుచున్నవమ్మాయీ” అనిరి. కాని మావారు కరెంటు బిల్లును బిగ్గఱగా చదువునపుడు వారి మొగము చూచినచో నసలు కారణము తెలియకపోదు. బడిపంతులు జీతముతో సాగు నింట ముసలివారు ఖర్చులలో మొదట తమ సుఖమునే కొట్టివేయుదురు. కావున కొత్త పంకా మాకు వేడుక కాదు, అగత్యమైనది.

అంగడిలో మా యమ్మాయి కొయ్యవన్నె రెక్కలును, నడుమ దీపమును గల పంకాపై మనసుపడెను. మావారు అన్నిటికంటె చౌకయైనదానిని చూపిరి. మేము పెట్టెలమీది యంకెలు చదువ మొదలిడితిమి. చూడవలసిన యంకెలు మూడే. మొదటిది రెక్కల వ్యాసము. పదియడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు గల గదికి 1200 మిల్లీమీటర్లు, అనగా సుమారు 48 అంగుళములు చాలును. రెండవది నిమిషమునకు వచ్చు గాలి. అది ఘనమీటర్లలో వ్రాసియుండును. మూడవది వాట్లు. గాలిని వాట్లతో భాగించినపుడు వచ్చు సంఖ్య యెంత పెద్దదైన పంకా యంత పొదుపరి. 2023 జనవరి 1 నుండి మన దేశమున సీలింగు పంకాలకు నక్షత్రముల చీటీ తప్పనిసరి యైనది. ఆ నక్షత్రము లీ లెక్కనుబట్టియే వచ్చును.

సాధారణ పంకా సుమారు 75 వాట్లు వాడును. బి.ఎల్.డి.సి. యను మోటారు గలది 30 వాట్లతోనే యించుమించుగా నంత గాలి నిచ్చును. దినమునకు 15 గంటలు తిరిగినచో నెలకు 20 యూనిట్లు మిగులును. యూనిట్టు ఆరు రూపాయల లెక్కన నది 120 రూపాయలు. ఈ రెండింటికిని వెలలో భేదము మేము చూచిన యంగడిలో 1,300 రూపాయలు. పదునొకండు నెలల వాడుకలో నది తిరిగి వచ్చును. దీపము గల యలంకారపు పంకా వెల యీ రెండింటికంటెను మిక్కుటము, గాలి మాత్రము తక్కువ. తుదకు కాఫీవన్నె సాదా రెక్కల బి.ఎల్.డి.సి. పంకాను గైకొంటిమి. చెక్కడములు లేని నున్నని రెక్కను తడిగుడ్డతో నొక్కమారు తుడిచిన చాలును. ఆ వన్నె గదికి నిండుదనము నిచ్చినదని మా యమ్మాయియు నొప్పుకొనెను.

ఇట్టి పంకాకు గోడమీది పాత రెగ్యులేటరు పనికిరాదు. దానిని తీయించి దూరపు మీటతోనే వేగమును మార్చుకొనవలయును. రెక్కలు నేలకు కనీసము ఏడడుగుల యెత్తున నుండవలెను. కప్పునకు మఱీ దగ్గఱగా నున్నచో గాలి సరిగా నాడదు. అత్తగారి మంచమును పంకా క్రిందినుండి కొంచెము ప్రక్కకు జరిపితిమి. కీళ్ళ మాటకు నదియే సమాధానమయ్యెను. బిల్లు మాటకు మాత్రము లెక్క కాగితమునే వారిచేతి కిచ్చితిమి. వారు కండ్లజోడు పెట్టుకొని రెండుమాఱులు చదివి, “ఈ లెక్క వాడికి కూడ చూపితివా?” అనిరి. ఆ రాత్రి పంకా నాపలేదు.

ఒక్కమాట మఱువరాదు. పంకా గదిని చల్లబఱుపదు. మన మేని చెమటను త్వరగా నార్చి మనలను చల్లబఱుచును. మనుష్యులు లేని గదిలో దానిని త్రిప్పుట వృథా. ఎండ 40 డిగ్రీలు దాటినపుడు పంకా గాలి మేని వేడిని పెంచునని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది. అట్టి మధ్యాహ్నములందు ముసలివారికిని బిడ్డలకును తడిగుడ్డతో నొడలు తుడిచి, మాటిమాటికి నీరో మజ్జిగయో త్రాగింపవలయును. మీది యంతస్తువారు డాబాపై తెల్లసున్నము వేయించినచో కప్పు పగటివేళ తక్కువగా కాగును. ఆ వ్యయమును భవనమువారెల్లరు పంచుకొనుట న్యాయము.

ఇక వంటయింటి సంగతి. ఇంటిలో నెల్ల నెక్కువ వేడి గల గది యదియే. పంకా లేని గదియు నదియే. తలపై పంకా తిరిగినచో పొయ్యి మంట చెదరునని యందఱు నెఱుగుదురు. కాని గోడలో నమర్చి, ఆవిరిని వెలుపలికి నెట్టు చిన్న పంకాకు మంటతో పేచీ లేదు. సోదరీమణులారా! పడకగదికి పంకా కొను దినముననే వంటయింటి గోడను గూడ నొక్కమారు కొలిపించుడు. అందఱకును గాలి చూచువారికి గాలి యక్కఱలేదని యే శాస్త్రమునను లేదు.